ఐక్యూ 86 వచ్చింది, బాబుని చివరి సెక్షన్‌కి మార్చమంటున్నారు

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరమిది. చాలా వివరంగా రాశారు, ఇక్కడ సారాంశం ఇస్తున్నాం.

బాబుకి పదేళ్లు, అయిదో తరగతి. మూడో తరగతి దాకా ఊళ్లో సర్కారు బడిలో చదివాడు. పేరుకి ఇంగ్లిష్ మీడియమే గానీ పాఠాలన్నీ తెలుగులోనే చెప్పేవారు. అక్కడ క్లాసులో ముందుండేవాడు. ఏడాదిన్నర కిందట టౌనుకి వచ్చి ప్రైవేటు బడిలో చేర్చారు. అప్పటి నుంచి మార్కులు పడిపోయాయి. నోట్సు ఎప్పుడూ సగమే, టీచరు అడిగితే నోరు విప్పడు. బడివాళ్లు చెబితే ఒక సైకాలజిస్టు దగ్గర పిల్లల తెలివిని కొలిచే ‘విస్క్-4’ పరీక్ష చేయించారు. భాషా అవగాహన 79, చూసి తర్కించడం 104, వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచి వాడుకోవడం) 91, ప్రాసెసింగ్ స్పీడ్ (చూసి చకచకా పని చేయడం) 80, మొత్తం ఐక్యూ 86 అని రిపోర్టు వచ్చింది. పక్కనే ‘లో యావరేజ్’ అని రాసి ఉంది. అది చూసి బడివాళ్లు చివరి సెక్షన్‌కి మారుద్దామంటున్నారు. ‘వాడి తెలివి అంతే, డబ్బు తగలేయడం దేనికి’ అని భర్త ట్యూషన్ మాన్పించారు. తోడికోడలేమో, తమ అబ్బాయికి వేలిముద్రల టెస్టులో 132 వచ్చిందని, అక్కడికే తీసుకెళ్లమంటోంది. ‘తాతయ్య కిరాణా కొట్లో కూర్చుంటే వీడు చిల్లర లెక్క ఒక్కసారి తప్పడు. ఈ 86ని నమ్మాలా? ఇది పెరుగుతుందా? సెక్షన్ మార్చనివ్వాలా? మళ్లీ టెస్టు చేయించాలా?’ అని అడిగారు. పెద్దవాళ్ల మాటలు విన్న బాబు, ‘ఎనభై ఆరంటే ఫస్ట్ క్లాసే కదమ్మా’ అన్నాడట.

సమాధానం:

బాబు అన్న మాటతోనే మొదలుపెడదాం. పెద్దవాళ్లలో కూడా చాలామంది ఆ అంకెను అలాగే చదువుతారు. ఐక్యూ మార్కు కాదు. ఒకే వయసు పిల్లలు ఎంతోమందికి పరీక్ష పెట్టి, వాళ్ల సగటును 100 అనుకుంటారు. ఆ సగటుకి ఎవరెంత దూరంలో ఉన్నారో 15 పాయింట్ల కొలతలో చెబుతారు. ఈ లెక్కన నూటికి 68 మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. 86 అంటే బాబు ఈడు పిల్లలు వందమందిని వరసగా నిలబెడితే సుమారు 18 మంది వాడి వెనక ఉంటారని అర్థం. ‘లో యావరేజ్’ అన్నది 80 నుంచి 89 దాకా ఉన్న గడికి పెట్టిన పేరు మాత్రమే, జబ్బు పేరు కాదు. మేధో వైకల్యం అనాలంటే ఐక్యూ 70 దరిదాపుల్లో ఉండటమొక్కటే చాలదు. తన పని తాను చేసుకోవడం, డబ్బు వాడకం, నలుగురితో మసలుకోవడం లాంటి రోజువారీ పనుల్లోనూ వయసుకి బాగా వెనకబడి ఉండాలి. కొట్లో చిల్లర సరిగ్గా ఇచ్చే పిల్లాడి గురించి ఆ భయం పెట్టుకోకండి.

ఆ 86 కూడా గీత గీసినట్టు ఉండే అంకె కాదు. అదే పిల్లాడు మరో రోజు కూర్చుంటే అయిదారు పాయింట్ల దాకా అటూ ఇటూ కావచ్చు. అందుకే మంచి రిపోర్టులో అంకె పక్కన ఒక పరిధి కూడా ఇస్తారు. మీ బాబుకి అది సుమారు 81 నుంచి 92 దాకా ఉంటుంది. మీ రిపోర్టులో ఆ పరిధి రాశారో లేదో చూడండి.

అసలు సంగతి మొత్తంలో లేదు, దాని పైనున్న నాలుగు అంకెల్లో ఉంది. 104కీ 79కీ మధ్య 25 పాయింట్లు తేడా. పెద్ద అంకెకీ చిన్న అంకెకీ మధ్య 23 లేదా అంతకుమించి తేడా వస్తే, మొత్తం ఐక్యూని ఆ పిల్లాడి సామర్థ్యానికి ఒకే కొలతగా చదవకూడదన్నది ఈ పరీక్షలు చేసేవాళ్లు చాలామంది పాటించే నియమం. మీ బాబు విషయంలో 86 అన్నది ఒకదానికొకటి పొంతన లేని నాలుగు విషయాలను కూడి తీసిన అంకె. బడివాళ్లు దాన్ని చూసే సెక్షన్ నిర్ణయిస్తున్నారంటే, రిపోర్టులో అన్నిటికన్నా తక్కువ సమాచారమున్న వరసనే చదివారన్నమాట.

భాషా అవగాహనలో ఏం అడుగుతారో చూడండి. పదాలకు అర్థాలు, రెండు వస్తువుల మధ్య పోలిక, లోకజ్ఞానం. ‘చెరువుకీ నదికీ పోలిక ఏమిటి?’ అన్న తరహా ప్రశ్న అనుకోండి (ఇది పరీక్షలోని ప్రశ్న కాదు). ‘రెండిట్లో నీళ్లుంటాయి’ అంటే ఒక పాయింటు రావచ్చు. ‘రెండూ నీటి వనరులు’ అని రెండూ ఏ కోవకి చెందినవో పట్టుకుని చెబితే రెండు పాయింట్లు. ఏమీ చెప్పకపోతే సున్నా. ఇప్పుడు ఇదే ప్రశ్న ఇంగ్లిష్‌లో అడిగి, జవాబూ ఇంగ్లిష్‌లోనే చెప్పాలని పిల్లాడు అనుకుంటే ఏమవుతుంది? ‘వాటర్’ అని ఆగిపోతాడు. తెలుగులో రెండు వాక్యాలు చెప్పగలిగినవాడు ఇంగ్లిష్‌లో ఒక్క మాట దగ్గర చిక్కుకుంటాడు. పరీక్ష కొలిచింది వాడి ఆలోచననా, ఇంగ్లిష్‌నా అన్నది అంకె చూసి చెప్పలేం. కొత్త భాషలో పిల్లలు రెండేళ్లలోపే గలగలా మాట్లాడతారు గానీ, పాఠం అర్థం చేసుకుని రాసే స్థాయికి రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని రెండో భాషలో చదివే పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మీవాడికి గడిచింది ఏడాదిన్నర.

చూసి తర్కించే భాగం దీనికి పూర్తిగా భిన్నం. ఎరుపు, తెలుపు దిమ్మెలతో నమూనా పేర్చడం, బొమ్మల వరసలో ఖాళీ పూరించడం లాంటివి. మాటలు తక్కువ, కళ్లు, ఆలోచన ఎక్కువ. అక్కడ 104 వచ్చింది, అంటే వందమందిలో 60 మందికి పైగా వాడి వెనకే ఉన్నారు. దీన్నీ అతిగా చదవకండి. 104 అంటే లోపల మేధావి దాగి ఉన్నాడని కాదు, మామూలు తెలివి ఉన్న పిల్లాడని. వర్కింగ్ మెమరీ 91 కూడా సగటు గడిలోనే ఉంది.

ప్రాసెసింగ్ స్పీడ్ 80 దగ్గర ఆగి చూడాలి. ఇందులో ఒక భాగంలో అంకెల కింద గుర్తులు గీయాలి, రెండు నిమిషాల్లో ఎన్ని గీస్తే అన్ని. మెదడు వేగంతో పాటు చేతి వేగం, చూపు, ‘తప్పు పోతుందేమో’ అన్న జంకు అన్నీ ఈ అంకెలో కలిసిపోతాయి. నోట్సు సగంలో ఆగిపోవడం దీనికి సరిగ్గా అతుకుతుంది. పరిచయం లేని భాషలో బోర్డు మీది మాటను పిల్లలు మాటగా చూసి రాయరు, ఒక్కో అక్షరం చూసి ఒక్కోటి దించుతారు. ‘ఎన్విరాన్‌మెంట్’ అనే మాటకి పదకొండుసార్లు తల ఎత్తాలి. అందుకే ముందు కంటి పరీక్ష చేయించండి, వినికిడి చూపించండి, రక్తంలో హిమోగ్లోబిన్ చూడండి. ఈ వయసులో 11.5 గ్రాములకి తక్కువుంటే రక్తహీనత కింద లెక్క, అది పిల్లల్ని నీరసంగా, మందకొడిగా చేస్తుంది. ఈ మూడూ వారంలో అయిపోయే పనులు. వీటిని వదిలేసి తెలివి గురించి వాదించుకోవడంలో అర్థం లేదు.

తెలివి పరీక్ష అంకె చూసి ముద్ర వేసే ఈ చిక్కు కొత్తదేం కాదు. 1905లో పారిస్‌లో ఫ్రెంచి సైకాలజిస్టు బినే, ఆయన సహచరుడు సిమోన్ మొదటి పరీక్ష తయారుచేసింది బడిలో ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో తేల్చడానికి. తెలివి ఇంతేనని ముద్ర వేసేవాళ్ల నిరాశావాదాన్ని 1909లో బినేనే గట్టిగా ఖండించాడు. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1913లో, న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో అమెరికన్ సైకాలజిస్టు గొడార్డ్ బృందం అప్పుడే ఓడ దిగిన వలసదారులకి దుబాసీలను పెట్టి ఇవే తరహా పరీక్షలు చేసి, ఎక్కువమందికి మందబుద్ధులని ముద్ర వేసింది. ఇక 86 చూసి చివరి సెక్షన్ అనడం ఏ దారిదో మీరే చూసుకోండి.

అలాగని పరీక్షలన్నీ బూటకమనీ అనుకోవద్దు. మీ వారి మాటలో సగం నిజముంది. 1932 జూన్ 1న స్కాట్లండ్‌లో 11 ఏళ్ల పిల్లలు దాదాపు అందరూ ఒకే పరీక్ష రాశారు. వాళ్లలో కొందరి చేత 77 ఏళ్ల వయసులో మళ్లీ అదే రాయిస్తే, చిన్నప్పుడు ముందున్నవాళ్లే చాలావరకు ముందున్నారు. అంటే సరిగ్గా కొలిచిన తెలివి ఊరికే ఊగిసలాడదు. కానీ వాళ్లు రాసింది వాళ్లు చదువుకున్న భాషలో. ఇక మార్కుల సంగతి. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో ఐక్యూతో ముడిపడింది దాదాపు పావు వంతే. మిగతా ముప్పావులో భాష, టీచరు, నిద్ర, భయం, ఇంట్లో చదివించేవాళ్లు, అన్నీ ఉన్నాయి. ‘పెరుగుతుందా’ అని అడిగారు కదా. బడి చదువే పెంచుతుంది. 2018లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి విశ్లేషిస్తే, ఒక్కో అదనపు ఏడాది చదువుకి ఐక్యూ సుమారు 1 నుంచి 5 పాయింట్లు పెరిగినట్టు తేలింది. బ్రెయిన్ గేములు ఆడితే ఆ గేములో నైపుణ్యం వస్తుంది, పాఠంలో రాదు. జ్ఞాపకశక్తి టానిక్‌ల మీద డబ్బు పెట్టకండి.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒకటే. 79 రావడానికి కారణం ఇంగ్లిష్ కొత్త కావడమా, చదవడం రాయడంలోనే ఏదైనా లోపం ఉందా, లేక ఏ భాషలోనైనా మాటల మీద పట్టు తక్కువా? ఇంట్లో ఒక ఆదివారం ఉదయం మీరే కొంత చూడొచ్చు. మూడో తరగతి తెలుగు వాచకంలో బాబు చదవని పేజీ ఒకటి తీసి పైకి చదివించండి. ఒక నిమిషంలో ఎన్ని మాటలు చదివాడు, గుణింతాల దగ్గర తడబడ్డాడా, ఒత్తులు మింగేశాడా అన్నది రాసుకోండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి, నోటితో చెబితే చాలు. ‘ఉత్తరం, పద్మం, పుస్తకం, కష్టం’ లాంటి పది మాటలు డిక్టేషన్ చెప్పండి. మధ్యాహ్నం ఇదే పని మూడో తరగతి ఇంగ్లిష్ పుస్తకంతో చేయండి. చివరగా ఆ ఇంగ్లిష్ పేజీలోని విషయాన్నే మీరు తెలుగులో చెప్పి ప్రశ్నలు అడగండి.

తెలుగు సాఫీగా చదివి, ఇంగ్లిష్‌లో తడబడి, మీరు తెలుగులో చెప్పగానే జవాబులు చెప్పేస్తే చిక్కు ప్రధానంగా భాషది. తెలుగు కూడా కూడబలుక్కుంటూ చదివి, డిక్టేషన్‌లో పదిలో అయిదారు తప్పులు చేస్తే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) లాంటి లోపం ఉందేమో చూపించాలి. మూడో తరగతి దాకా ముందున్నాడు కాబట్టి ఆ అవకాశం తక్కువే గానీ, లేదని చెప్పలేం. చిన్న తరగతుల్లో విన్నది గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చే పిల్లలుంటారు. చదవడం బాగానే ఉండి, తెలుగులో అడిగినా అర్థం చెప్పలేకపోతే అది మూడో సంగతి. రోజూ మాటలు, కథలు, ప్రశ్నలు పెంచాల్సిన విషయం. ఇవి రోగనిర్ధారణలు కావు, సైకాలజిస్టుతో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం.

పరీక్ష చేసిన సైకాలజిస్టు దగ్గరికే ఒకసారి వెళ్లండి. ఫీజు కట్టారు, వివరణ అడిగే హక్కు మీకుంది. భాష ప్రశ్నలు ఏ భాషలో అడిగారు? తెలుగులో చెప్పిన జవాబుకి పాయింట్లు ఇచ్చారా? భారతీయ పిల్లల ప్రమాణాలతో లెక్కించారా, అమెరికా ప్రమాణాలతోనా? ఒక్కో ఉప పరీక్షలో ఎంత వచ్చింది (వీటిలో సగటు 10)? ఒకే సిటింగ్‌లో చేశారా, బడి నుంచి అలసిపోయి వచ్చాక చేశారా? భాషా అవగాహన, చూసి తర్కించడం భాగాలతో మాత్రమే లెక్కగట్టే ‘జనరల్ ఎబిలిటీ ఇండెక్స్’ అని ఒకటుంది. కానీ మీ విషయంలో అందులోనూ ఆ 79 కలుస్తుంది కాబట్టి అదీ గొప్పగా ఉపయోగపడదు. ఆయన లేదా ఆవిడ ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అవునో కాదో కూడా చూసుకోండి.

మళ్లీ టెస్టు విషయం. ఇదే పరీక్ష రెండు మూడు నెలల్లో పెడితే దిమ్మెల ఆట లాంటివి అలవాటై అంకె పెరుగుతుంది, ఆ పెరుగుదల ఉత్తదే. కనీసం ఏడాది ఆగాలి. ఈలోగా తప్పదనుకుంటే భాష అవసరం లేని రేవెన్స్ బొమ్మల పరీక్ష చేయించవచ్చు. అది తర్కాన్నే చూస్తుంది, చదువులో సాయం ఎక్కడ కావాలో చెప్పదు. కొన్ని ఆసుపత్రుల్లో ఇంకా ‘మిసిక్’ చేస్తారు. 1949 నాటి విస్క్‌ని మలిన్ మన దేశానికి మలిచి 1969లో తెచ్చిన పరీక్ష అది. దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున జనం స్కోర్లు పెరుగుతూ వచ్చాయని చాలా దేశాల్లో గమనించారు. కాబట్టి పాత ప్రమాణాలతో కొలిస్తే ఇప్పటి పిల్లాడికి అంకె ఎక్కువ రావచ్చు. అక్కడ 96 వస్తే, పది పెరిగిందని సంబరపడకండి.

వేలిముద్రల టెస్టుకి మాత్రం వెళ్లకండి. వేలి గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. వాటిని చూసి తెలివి చెప్పొచ్చనడానికి నమ్మదగిన ఆధారమేదీ లేదు. ఆ టెస్టులో పిల్లాడు ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పడు, మరి 132 దేన్ని కొలిచినట్టు? తోడికోడలితో వాదన పెట్టుకోవాల్సిన పనిలేదు, ‘మేం డాక్టరు దగ్గర చూపిస్తున్నాం’ అంటే సరిపోతుంది.

తెలుగు చదవడంలోనూ లోపం కనిపిస్తే ‘స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ’ (చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ప్రత్యేక లోపం) పరీక్ష చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు వస్తాయి. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఐక్యూ 85 దాటితేనే ఆ పరీక్షకి పంపాలని ఉండేది. మీ 86 గీతకి ఒక్క పాయింటు పైన ఉంది, ఇంకో రోజైతే కింద ఉండేది! ఆ మార్గదర్శకాలను 2024లో సవరించారు, కాబట్టి ఇప్పటి పద్ధతి ఏమిటో అడగండి. చాలా జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల్లో లోపాలను ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, డబ్బు తీసుకోరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలోనూ పిల్లలకి పరీక్షలు చేస్తారు. సర్టిఫికెట్ తీసుకోవడంలో ఇబ్బంది ఒకటుంది: అది చూసి బంధువులు మరో పేరు తగిలిస్తారు. ఎవరికి చూపించాలో మీ చేతిలో ఉంది.

ఇక సెక్షన్. మార్చడానికి ఒప్పుకుంటే ఒత్తిడి తగ్గుతుంది, పాఠం నెమ్మదిగా నడుస్తుంది, బహుశా నోరు కూడా విప్పుతాడు. కానీ చాలా బడుల్లో చివరి సెక్షన్‌కి సిలబస్ కుదిస్తారు, అనుభవం తక్కువున్న టీచర్లని వేస్తారు, ఒకసారి అక్కడికి చేరినవాడు పైకి రావడం అరుదు. 104 వచ్చినవాడికి లెక్కల్లో సులువైనవే ఇస్తూ పోతే అక్కడా వెనకబడతాడు. ఒప్పుకోకపోతే ఇప్పుడున్న అవస్థే కొనసాగుతుంది, బడి ఏమీ మార్చకుంటే అది వాడికి మంచిది కాదు. మధ్యేమార్గం అడిగి చూడండి: ఈ ఏడాదికి సెక్షన్ అదే, ముందు బెంచీ, బోర్డు నోట్సుని ఫోన్‌లో ఫోటో తీసుకునే వీలు, మౌఖిక ప్రశ్నలకి తెలుగులో జవాబు. మాటల్లో కాదు, కాగితం మీద రాసివ్వండి. వీటిలో ఒక్కదానికీ ఒప్పుకోకపోతే బడి మార్చడం గురించి ఆలోచించాల్సింది అప్పుడు.

ట్యూషన్ అవసరమే, కాకపోతే హోంవర్కు పూర్తిచేయించే ట్యూషన్ కాదు. తెలంగాణ సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. సైన్సు, లెక్కల పాఠం ముందురోజు రాత్రి తెలుగు పేజీలో చదివించి, ఇంగ్లిష్ పేజీలో అయిదు మాటలు గుర్తుపట్టించే మనిషి కావాలి. రోజుకి అరగంట చాలు. మీ వారికి నచ్చజెప్పాలంటే మొత్తం ఐక్యూ వరస చూపించకండి, 104 ఉన్న వరస, 79 ఉన్న వరస పక్కపక్కన పెట్టి, ‘ఈ తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా మూడు నెలలు ఆగుదాం’ అనండి. మూడు నెలలంటే చాలామంది ఒప్పుకుంటారు.

బాబుకి ఫస్ట్ క్లాసని అబద్ధం చెప్పొద్దు, తక్కువ వచ్చిందనీ అనొద్దు. ‘అవి మార్కులు కాదు నాన్నా, బొమ్మల పజిల్స్ నువ్వు బాగా చేశావు, ఇంగ్లిష్ మాటలు ఇంకా నేర్చుకోవాలి, దానికి మనం ఇలా చేద్దాం’ అంటే వాడికి అర్థమవుతుంది. ఇంకోసారి పరీక్ష చేయించేటప్పుడు వార్షిక పరీక్షల ముందు వద్దు, వేసవిలో బడి లేనప్పుడూ వద్దు. జూన్‌లో బడి తెరిచి నెల గడిచాక, ఉదయంపూట, కడుపు నిండా తిని, కళ్లజోడు అవసరమైతే అది పెట్టుకుని వెళ్లేలా చూడండి. భాష ప్రశ్నలు తెలుగులోనూ అడగాలని ఫోన్‌లో టైమ్ తీసుకునేటప్పుడే చెప్పండి.